రాణీగంజ్ రసీదు

చిక్కడపల్లి లేబర్ ఆఫీసు గేటు పక్కన
నా టైపు మిషను. పేజీకి ముప్పై.
'ఞ' అరిగిపోయి ఏళ్లయింది, ఎవరూ అడగరు.

ఆశప్ప కాగితం కొట్టడం ఇది ఐదోసారి.
మొదట 'కార్మికుడు' అని కొట్టాను.
వకీలు దిద్దించాడు:
'కార్మికుడినని చెప్పుకుంటున్న వ్యక్తి.'
లైను చాలక మిషను గంట కొట్టింది.

కోకాపేటలో, పందొమ్మిదో అంతస్తు మీద,
బండలు కోసే మిషను కింద
ఎడమ బొటనవేలు పోయింది.
పోలేదని ఎవరూ అనలేదు.
ఎవరి పనిలో పోయిందన్నదే తగువు.

మేస్త్రీ రాసిచ్చాడు:
బ్లేడు అతనిదే, గజానికింతని మాట్లాడుకున్నాం,
అతనూ నాలాంటి కాంట్రాక్టరే.
రుజువు, రాణీగంజ్ దుకాణం రసీదు,
రెండు వందల ఎనభై రూపాయలు.
కూలితో కలిపి ఇస్తారేమోనని
ఆశప్ప తనంతట తాను దాచుకున్న రసీదు.
తెల్లారకముందే అడ్డా మీద నిలబడే కాంట్రాక్టరు,
అడ్వాన్సు కోసం 'అన్నా, అన్నా' అని
మేస్త్రీ బండి వెంట పరిగెత్తే కాంట్రాక్టరు.

కమిషనర్ ఆఫీసులో అన్నారు:
ముందు కార్మికుడివని తేల్చుకుని రా,
అప్పుడే నీ మాట వినే అధికారం మాకు.
పురానీ హవేలీకి పోతే అక్కడ అన్నారు:
అది తేల్చేది కమిషనరే,
చట్టం మా తలుపుకి గడియ పెట్టింది.
ఒక తలుపు తాళంచెవి ఇంకో తలుపు లోపల.
మధ్యలో సిటీ బస్సు, మూడేళ్లు,
మక్తల్ నుంచి భీమమ్మ కట్టి పంపిన
జొన్నరొట్టెలు ఎండి అట్టలయ్యాయి.

చివరికి హైకోర్టు నుంచి నాలుగు వాక్యాలు:
కార్మికుడా కాదా అన్నది
మీరు వినాల్సిన మొదటి ప్రశ్న,
వాకిట్లోనే అడిగి పంపేయాల్సింది కాదు.
'గెలిచినమా సార్?' అన్నాడు ఆశప్ప.
'వింటారట' అన్నాను.
అంతకు మించి ఆ కాగితంలో లేదు.

ఈసారి మళ్లీ 'కార్మికుడు' అనే కొట్టాను.
వకీలు చూడలేదో, చూసి ఊరుకున్నాడో.
ఫారం అడుగున ఎప్పటిలాగే
'ఎడమ బొటనవేలి ముద్ర' అని అచ్చు.
'ఎడమ' కొట్టేసి పైన 'కుడి' అని రాశాను.
దిద్దితే మార్జిన్లో కారణం ఉండాలి.
నాలుగుసార్లూ 'ఎడమది లేదు' అని రాసినవాణ్ణి
ఈసారి 'పనిలో పోయింది' అని రాసి
ఇంకు ప్యాడు
ఆశప్ప ముందుకి జరిపాను.