మోతా

నలభై ఏళ్లుగా గొట్టాలతోనే కాపురం నాది.
వాల్పరైసో కొండల మీద ఏ ఇంటి గోడలో
ఏ పైపు ఎక్కడ మెలిక తిరిగిందో
చెవి ఆనించి చెప్పేస్తాను.
అలాంటివాణ్ణి,
మోతా మొదటిసారి దగ్గిన రాత్రి
మెట్ల వీధిలోకి ఎవరో బాతును తోలుకొచ్చారనుకుని
కిటికీ తెరిచి చూశాను.

మోతా అంటే మా మాటలో నలుసు.
మా ఇంట్లో పడ్డ నలుసు అదొక్కటే.
మూడు కిలోల ఎనిమిది వందల గ్రాములు,
అందులో ఎనిమిది వందలు
ఎదురింటి దొన్యా ఎర్మీనియా విసిరే సాసేజీలవి.

డాక్టర్ హిమేనా ఎక్స్‌రేని వెలుగుకు పట్టి చూపింది.
సగం సగం ఉంగరాలు, వరసగా.
వాటి బిగి సడలిందట.
మీది పొర జారి దారికి అడ్డం పడుతోందట.
తోట పైపు మీద ఎవరో కాలు మోపినట్టు ఉంది.
"ఆ ముక్క కోసి కొత్తది వేద్దాం" అన్నాను,
నోటికి అలవాటైన మాట.
"ఇది మార్చే పైపు కాదు, దోన్ ఇలారియో.
కాపాడుకుంటూ వాడుకోవాల్సింది."
సాంతియాగోలో లోపల లోహపు జాలీ పెడతారట,
ఇంకే దారీ మిగలనప్పుడు.
ఖర్చు అడిగాను. చెప్పింది.
చేతిలో టోపీని కాసేపు తిప్పాను.

మెడపట్టీ తీసేయమంది.
ఎర్రతోలు పట్టీ, చిన్న గంట.
ఆరేళ్లు ఆ పట్టీ పట్టుకునే
రెండొందల పన్నెండు మెట్లు ఎక్కించాను, దించాను,
పనికి ఆలస్యమైన పొద్దుల్లో
"రావే" అంటూ లాగాను.
"మీ తప్పేం లేదు, ఈ జాతికి పుట్టుకతో వస్తుంది" అంది డాక్టరు.
తల ఊపాను.
పట్టీ మాత్రం పారేయలేదు.
రెంచీల మధ్య ఉంది. పెట్టె కదిలితే పలుకుతుంది.

ఇప్పుడు ఛాతీకి చుట్టే పట్టీ.
కాఫీ కప్పుతో కొలిచిన తిండి.
ఎర్మీనియా మాతో మాట్లాడటం మానేసింది.
సిగరెట్టు మొదట వాకిట్లోకి,
తర్వాత మూడో మలుపు మెట్ల దగ్గరికి,
ఆ తర్వాత ఎక్కడికీ.
పొద్దున ఆరు చుక్కలు, రాత్రి ఆరు చుక్కలు,
తాగి వచ్చిన మామలా తూలి
చెప్పుల మీదే పడుకుంటుంది.
కొండల వెనక అడవి తగలబడే ఎండాకాలం
తలుపు సందుల్లో తడిబట్టలు కుక్కుతాం.

ఇవన్నీ నేర్చుకున్నాం.
నేర్చుకోలేనిది దాని సంతోషం.

నేను మెట్లెక్కే చప్పుడుకే అది గంతులేస్తుంది,
గంతుకో దగ్గు, దగ్గుకో గంతు,
చిగుళ్లు నీలం తిరిగేదాకా.
నన్ను చూసి సంబరపడటమే దానికి ఊపిరాడనివ్వదు.
అందుకని నా ఇంటికి నేనే దొంగలా వస్తాను.
ఈల లేదు. పేరు పెట్టి పిలవడం లేదు.
గోడకేసి చూస్తూ బూట్లు విప్పుతాను,
అది ఎవరి కుక్కో అన్నట్టు.
అది నా మడమ వాసన చూస్తుంది.
పది నిమిషాలు.
అప్పుడు వంగి, ఒక్క వేలితో,
చెవి వెనక.

కొత్త సంవత్సరం రాత్రి
ఊరంతా డాబాల మీద,
రేవు మీద ఆకాశం పగిలి పగిలి పూస్తోంది.
మేం ముగ్గురం స్నానాలగదిలో నేల మీద.
ఎవరూ స్నానం చేయని వేడినీళ్లు పారుతున్నాయి,
అద్దం తెల్లబడింది,
రొసౌరా మంచి గౌను మోకాళ్ల దాకా తడిసింది.
బయట ఢామ్మంటే లోపల బాతు.
రెండు వేళ్లతో గొంతు మీద మెల్లగా రాశాను,
మింగింది. మళ్లీ మింగింది.
ఆవిరిని కొంచెం కొంచెంగా
లోపలికి తెచ్చుకోవడం మొదలుపెట్టింది.

చాలాసేపటికి షవర్ కట్టేశాను.
ఇంకా టప్, టప్ మంటోంది.
"ఆ కుళాయి సంగతి ఆర్నెల్లుగా చెబుతున్నాను" అంది రొసౌరా, గుసగుసగా.
"ష్" అన్నాను.
"రేపు చూస్తాలే."