కొసరు

పాలపొడి ఫ్యాక్టరీలో కాటాలు సరిచూడమని
గోర్ ఊరికి పంపారు నన్ను.
నాలుగు రోజుల పని. రెండున్నర రోజుల్లో తేలిపోయింది.
పద్నాలుగు కాటాలూ బుద్ధిమంతులే
ఒక్క మూడో నంబరు తప్ప.
బస్తాకి నలభై గ్రాములు నొక్కేస్తోంది అది,
ఏమీ ఎరగనట్టు స్టీలు మొహం వేసుకుని.
చెవి మెలిపెట్టి, సీలు వేసి, సంతకం చేశాను.

"టికెట్టు మారదు నైరీ, సోమవారం దాకా ఆగాల్సిందే,"
క్రైస్ట్‌చర్చ్ నుంచి ఫెర్గస్.
"హోటలుంది, తిండి ఖర్చు మనదే, హాయిగా పడుకో."
హోటలు కిటికీ తెరిస్తే కార్లు నిలిపే చోటు,
దాని అవతల ఇంకో కిటికీ,
అందులో టై విప్పుకుంటూ
నాలాగే పనిమీద వచ్చిన ఎవరో మనిషి.
పరదా వేసేసి బూట్లు తొడుక్కున్నాను.

పడక ఉన్న వ్యాన్లు అద్దెకిచ్చే టెవిటా
"ఎంతమంది?" అన్నాడు.
ఒక్కదాన్నే.
నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని
మెడ సాచి చూసి,
రెండో దిండు తీసి బీరువాలో పెట్టేశాడు.
అద్దె మాత్రం తగ్గించలేదు.

నా దగ్గర ఇరవై కిలోల తూకపురాళ్ళు ఆరున్నాయి.
కొరియరు సోమవారానికి గానీ రాదు.
వాటినీ మంచం కింద సర్దాను.
మలుపు తిరిగినప్పుడల్లా
నూట ఇరవై కిలోల ఉద్యోగం
అటు నుంచి ఇటు దొర్లి ఖంగుమనేది.

మాస్‌బర్న్ దాటాక రోడ్డు పక్కన రేకుల పాక.
బంగాళదుంపలు, గుడ్లు,
డబ్బులు వేయడానికి బిస్కెట్ల డబ్బా.
అమ్మే మనిషి లేరు.
దూలానికి వేలాడుతూ స్ప్రింగు తరాజు,
పళ్ళెం ఖాళీ, ముల్లు రెండు వందల గ్రాముల దగ్గర.
పంతొమ్మిదేళ్ళ అలవాటు,
చెయ్యి దానంతటదే స్క్రూడ్రైవరు కోసం పోయింది.
అప్పుడు చూశాను అట్టముక్క:
"ముల్లు అబద్ధమాడుతుంది.
కొసరు మీరే వేసుకోండి."

మగవాళ్ళ గంబూట్లు ఈడ్చుకుంటూ వచ్చింది మ్యూరియల్,
ఎనభై దాటిన మనిషి.
"మా అలెక్ పందెం కాసి
దానికి గొర్రెపిల్లని వేలాడదీశాడు.
అప్పట్నుంచీ అంతే."
రెండు నిమిషాల్లో బాగుచేస్తాను, డబ్బులొద్దు అన్నాను.
"మరి ఆ అట్టముక్కనేం చేసుకోను?" అంది.
కిలో తూచాను. కొసరుగా ఒక దుంప వేశాను.
నా మొహం చూసి ఆవిడ ఇంకోటి వేసింది.

హోమర్ సొరంగం ముందు ఎర్ర దీపం, ఏడు నిమిషాలు.
బానెట్టు మీద కియా చిలుక వాలి
అద్దం చుట్టూ ఉన్న రబ్బరుని
నెల జీతగాడిలా శ్రద్ధగా పీకసాగింది.
హారన్ కొట్టలేదు.
ఒకరి పనిలో ఒకరు తలదూర్చకూడదు.

సొరంగం అవతల వాన.
కొండకొండంతా నిలువునా కారుతోంది.
జలపాతాలు లెక్కపెట్టబోయి
ముప్పై దగ్గర తప్పాను,
మళ్ళీ మొదలుపెట్టలేదు.

రాత్రి దుంపలు ఉడికాక తెలిసింది ఉప్పు లేదని.
అలాగే తిన్నాను.
ఇసుక ఈగలు నా మడమల్ని తిన్నాయి.
రెండున్నరకి ఎవరో పిలిచినట్టు మెలకువ.
ఎవరూ లేరు.
నిజం చెప్పాలంటే, భయం వేసింది కాసేపు.
చీకట్లో తడుముకుని
ఒక తూకపురాయిని రెండు చేతులా ఎత్తి
ఒళ్ళో పెట్టుకున్నాను.
ఇరవై కిలోలు. సరిగ్గా.
కూర్చునే నిద్రపోయాను.

సోమవారం నివేదిక నింపాను.
పరీక్షించిన కాటాలు: పద్నాలుగు.
సరిచేసినవి: ఒకటి.
సరిచేయకుండా వదిలేసినవాటికి
ఫారంలో గడి లేదు.
రబ్బరు పోయినందుకు టెవిటాకి ఎనభై డాలర్లు
నా జేబులోంచే ఇచ్చాను,
చిలక తినేసిందంటే ఫెర్గస్ నమ్ముతాడా.

మూడు వారాలైంది.
ఇవాళ వానకోటు జేబులో చెయ్యి పెడితే
ఒక దుంప తగిలింది.
ముడతలు పడింది, కళ్ళొచ్చాయి,
ఒక్కో కన్నూ ఒక్కో వైపు చూస్తోంది.
బల్ల మీద పెట్టాను, కాటా పక్కనే.
తూచలేదు.