సున్నా పాయింటు సున్నా సున్నా

ఓర్తా రేవులో ఆ చలికాలం
లిస్బన్ నుంచి మా ఆఫీసుకి ఒక పట్టిక వచ్చింది.
దీవుల్లోని లైన్లన్నీ ఇందులో ఎక్కించండి,
వేగం మెగాబిట్లలోనే రాయండి,
దశాంశం తర్వాత రెండంకెలు చాలు.

చాలు అన్నవాడు
ఏనాడూ దీవిలో పడవ కోసం కాచుకున్నవాడు కాడు.

ఆసుపత్రి లైనుతో మొదలుపెట్టాను.
రెండు వేల నలభై ఎనిమిది కిలోబిట్లు.
విప్పితే ముప్ఫై రెండు గదులు, గదికి అరవై నాలుగు.
ముప్ఫై గదుల్లో మనుషుల గొంతులు,
ఒక గది గంట కొట్టడానికి,
ఒకటి అందరి అడుగూ కలపడానికి.
2.05 అని రాశాను.
రెండు కిలోబిట్లు పుణ్యానికి కలిసొచ్చాయి, ఎవరడుగుతారు?

బ్యాంకుది పాత మోడెం. ఇరవై నాలుగు వందల బాడ్,
తట్టుకి నాలుగు బిట్లు, వెరసి తొమ్మిది వేల ఆరు వందలు.
0.01. బతికిపోయింది.

చివరి వరుస కోర్వు దీవి, వాతావరణ గది.
యాభై బాడ్. తట్టుకి ఒకటే బిట్టు.
యాభైని పది లక్షలతో భాగించాను.
నాలుగు సున్నాల వెనక నక్కిన ఐదుని
పట్టిక నమిలి మింగి
0.00 అని తేల్చింది.
కింద ఎర్రటి అక్షరాలు:
వేగం లేని లైను ముప్ఫై రోజుల్లో తొలగించబడును.

సాయంత్రం దొనా బెల్మీరా ఇంటికి వెళ్లాను.
కేబుల్ స్టేషన్ మూసేదాకా
టెలిప్రింటర్ ముందు కూర్చున్న మనిషి.
వాకిట్లో చేపలు తోముతోంది.
"సున్నానా?" అంది,
మోచేతిదాకా పొలుసులు.

"లెక్క రాసుకో, ఎవరిష్టూ.
అక్షరానికి ఐదు బిట్లు.
ముందొకటి తలుపు తీయడానికి,
వెనక ఒకటిన్నర వేయడానికి.
యాభైని ఏడున్నరతో భాగించు."
"ఆరూ చిల్లర."
"సెకనుకి. నిమిషానికి?"
"నాలుగు వందల అక్షరాలు."
"ఖాళీతో కలిపి మాటకి ఆరు వేసుకో."
"అరవై ఆరు మాటలు."
"నిమిషానికి అరవై ఆరు మాటలు మాట్లాడేవాణ్ని
మీ లిస్బన్‌లో మూగవాడంటారా?"

పిల్లి వచ్చి చేప తల పట్టుకుపోయింది.
ఆమె కత్తి కడుగుతూ
నాతో కాదన్నట్టు అంది:
"బాడ్ అంటే తలుపు మీద పడ్డ దెబ్బ.
బిట్టు అంటే తట్టినవాడు మోసుకొచ్చిన సరుకు.
ఆ చివరి ఒకటిన్నరలో సరుకేమీ లేదు.
కానీ అది లేకపోతే
అవతలి యంత్రానికి ఊపిరి తిరగదు.
దాన్ని ఏ వరుసలో రాస్తావు?"

రాత్రి ఆఫీసులో నేనొక్కణ్నే.
కిటికీలో పీకు కొండ సగం ఉంది, తర్వాత అదీ లేదు.
మూల నుంచి యంత్రం దగ్గి, కాగితం కదిలింది.
కోర్వు నుంచి. గాలి నైరుతి.
పీడనం తొమ్మిది వందల ఎనభై ఒకటి.
దిగుతోంది.
దిగుతోంది అని రెండోసారి కూడా కొట్టాడు అవతలివాడు,
ఏ నియమంలోనూ లేకపోయినా.

రేవుకి ఫోన్ చేశాను. పొద్దుటి పడవ ఆపేశారు.

తర్వాత పట్టిక తెరిచి
ఆఖరి సున్నా చెరిపి ఒకటి పెట్టాను.
0.01.
అంటే పది వేల బిట్లు,
అంటే రెండు వందల టెలిప్రింటర్లు.
ఇంత పెద్ద అబద్ధం
నా జీతంలో ఎన్నడూ రాయలేదు.
లిస్బన్ పచ్చ టిక్కు పెట్టింది.

నెలాఖరుకి బిల్లు వచ్చింది, రెండు వందల యంత్రాలకి.
బెల్మీరాకి చూపిస్తే
కళ్లద్దాలు పైకి తోసి చదివింది.
"మిగతా నూట తొంభై తొమ్మిదీ ఏం చేస్తున్నాయి?"

"తలుపులు వేస్తున్నాయి, దొనా."

నవ్వలేదు.
బిల్లు మడిచి,
అందులోనే రెండు చేపలు చుట్టి ఇచ్చింది.