బరువు ఎడమకాలి మీద

కుతాయిసిలో జనవరి. రియోని నది మీంచి వచ్చే గాలి
పగిలిన కిటికీకి అంటించిన అట్టముక్కని
లోపలికీ బయటికీ లాగుతోంది.
ఉన్నది ఒక్కటే కిరసనాయిలు హీటరు.
దాన్ని ఎటు తిప్పాలన్న తగువు ఈ గదిలో లేదు:
చెక్కదిమ్మె ఎక్కే మనిషి వైపే.

లమారా కోటు విప్పి మేకుకి తగిలిస్తుంది,
స్వెటరు మడతపెడుతుంది, మేజోళ్ళు బూట్లలో కుక్కుతుంది.
కళ్ళజోడు మాత్రం ఆఖరున.
అది తీశాకే నిజంగా బట్టలు విప్పినట్టు
అందరం ఒక్కసారి కాగితాల్లోకి తల దించుకుంటాం.

ఒంటిమీద నూలుపోగు లేదు.
ఇరవయ్యారేళ్ళు పట్టుమిల్లులో
మరిగే నీళ్ళలోంచి పోగు తీసిన చేతులు
తుంటి మీద ఒకటి, గాల్లో ఊరికే ఒకటి.
అరవై ఏడేళ్ళు. బొడ్డు కింద కుట్టు
పక్కకి వంకరపోయిన తీరు చూస్తే
ఆ రోజు డాక్టరుకి తొందర పని ఉందని తెలుస్తుంది.

ఒతారి మాస్టారు ఆమె పాదాల చుట్టూ సుద్దగీత గీస్తాడు,
విరామం తర్వాత మళ్ళీ అక్కడే నిలబడాలి గనక.
గుడ్లు ఉడకబెట్టే గడియారం తిప్పి బల్లమీద పెడతాడు.
ఇరవై నిమిషాలు.

చేయి చాచి, ఒక కన్ను మూసి,
పెన్సిలు మీద బొటనవేలు జరుపుతూ కొలుస్తాను.
మనిషి ఏడున్నర తలలుండాలని పుస్తకం.
లమారా ఆరున్నర.
ఆ మిగతా తల ఏ షిఫ్టులో అరిగిపోయిందో.

తప్పినప్పుడల్లా రొట్టెముక్క పిసికి చెరుపుతాను.
పగలు బేకరీలో పొయ్యి గోడకి పిండి అతికే పని నాది,
నిన్నటి రొట్టె సంచీలో ఎప్పుడూ ఉంటుంది.
మెత్తటి లోపల బొగ్గుకి,
గట్టి అంచు నాకు.

గంట మోగింది.
దుప్పటి చుట్టుకుని, వెలిగించని సిగరెట్టు పెదవుల్లో పెట్టుకుని
ఆమె ఈజిళ్ళ మధ్య నడిచింది.
గురాం బొమ్మ చూసి, "ఈ పిల్లకింకా పెళ్ళి చెయ్యొచ్చు" అంది.
నా దగ్గర ఆగింది. చాలాసేపు.
"ఈవిడ పడిపోతోంది కదయ్యా.
బరువంతా నా ఎడమకాలి మీదుంది.
రెంటికీ సమానంగా పంచడానికి నేనేమన్నా ఆస్తినా?"

నాకు అర్థం కాలేదు. చెయ్యి పట్టుకుని దిమ్మె ఎక్కించింది.
సుద్దగీతల్లో బూట్లు పట్టలేదు. విప్పాను.
మేజోటికి బొటనవేలి దగ్గర చిల్లు.
"కుడి మోకాలు వదిలెయ్. ఇంకా.
తుంటి దానంతటదే లేస్తుంది, నువ్వు లేపకు."

రెండో నిమిషంలో మడమ మండింది.
నాలుగుకి పిక్కలో చీమలు.
మెడ మీద ఎక్కడో దురద, ఎక్కడో కూడా తెలీదు.
ఎదురుగా పదకొండు మంది
ఒక్కో కన్ను మూసి కొలుస్తున్నారు నన్ను,
బట్టల్లోనే ఉన్నాను, అయినా
ఎవరో అన్ని గుండీలూ విప్పినట్టుంది.
ఆరో నిమిషంలో దిగిపోయాను.
లమారా తప్ప ఎవరూ నవ్వలేదు.

"ఎలా నిలబడతావు అంతసేపు?"
"లోపల గ్యాసు బిల్లు లెక్క కడతాను.
ఇరవై నిమిషాల్లో ఎప్పుడూ తేలదు."

రెండో విడత.
ఈసారి తల దగ్గర మొదలుపెట్టలేదు.
ఎడమ మడమ ఆనినచోట బొగ్గు అడ్డంగా పెట్టి
విరిగేదాకా నొక్కాను.
అక్కణ్ణుంచి పిక్క, తొడ, లేచిన తుంటి.
గంట మోగేసరికి కాగితం మీద ఒక్క కాలే ఉంది.
"తల ఏదీ?" అన్నాడు మాస్టారు.
"ఇంకా రాలేదు" అన్నాను.
ఆయన మాట్లాడకుండా గురాం దగ్గరికి పోయాడు.

లమారా కళ్ళజోడు పెట్టుకుంది, తర్వాత మిగతావి.
నా స్టూలు మీది రొట్టె అంచు
అడక్కుండానే తీసి సంచీలో వేసుకుంది.

చేతులు కడుక్కుని బయటికొచ్చేసరికి
వంతెన దగ్గర మినీబస్సు కోసం నిలబడి ఉంది,
దీపస్తంభానికి భుజం ఆనించి, రొట్టె నములుతూ.
ఎవరూ గీయడం లేదు.
బరువు కుడికాలి మీద.