ముప్పై ఏడు

డండీలో మూడున్నరకే చీకటి పడింది.
పక్కగది ఫెర్గస్ కత్తి దూశాడు.
తోడేలు నెత్తిన ఎర్రగా ముప్పై ఏడు లేచి
ఆవిరైపోయింది.

"ఇదిగో, ఇక్కడే మెలకువ వచ్చేస్తుంది నాకు.
ఇంత అడవి, ఇంత మంచు,
కొమ్మల్లో గాలి కూడా నిజం.
కత్తి తియ్యగానే ఎక్కాల పుస్తకం!"

నిజమే.
తోడేలు తన వంతు కోసం ఆగింది,
రేషన్ షాపు ముందు సంచీ పట్టుకున్నవాడిలా.
ఈలోగా వీడు ఆట ఆపి
పద్నాలుగు చీజ్ ముక్కలు తిన్నాడు.
గాయాలన్నీ మానాయి.

నేను నవ్వలేదు.
మా తెనాలి నాటకాల్లో
బాణం తగిలి కూలినవాడు
జనం వన్స్ మోర్ అనగానే
పంచె దులుపుకుని లేచి
అదే పద్యం, అదే రాగం
ఊపిరున్నంత మేరా సాగదీసి
మళ్ళీ చచ్చేవాడు.
మా పెద్దమ్మ రెండుసార్లూ ఏడ్చింది.

ఫెర్గస్ నమ్మలేదు.
ఆరింటి బస్సుకి నేను డ్యూటీకెళ్ళాను.

ఏడో మంచం మీద కుర్రాడు.
ఎవరో పగిలిన సీసాతో పొడిచారట.
నెత్తి పక్కన తెర మీద
తొంభై,
ఎనభై ఎనిమిది,
ఎనభై ఆరు.
నా కళ్ళు అంకెల్ని వదల్లేదు.
గొట్టం సర్దాను, మీట తిప్పాను,
ఎనభై తొమ్మిదికి
లోపల్లోపల ఈల వేశాను కూడా.
వాడు నా మణికట్టు పట్టుకునేదాకా
వాడికో మొహం ఉందని గుర్తు రాలేదు.
మచ్చల మొహం. పంతొమ్మిదేళ్ళుంటాయేమో.

తెల్లారి ఇంటికొచ్చేసరికి
ఫెర్గస్ సోఫాలో నోరు తెరుచుకుని నిద్ర.
తెర మీద మంచు కురుస్తూనే ఉంది.
తోడేలు ఇంకా నిలబడే ఉంది,
తన వంతు కోసం.