ముగ్గురి మీద బోనస్

జమ్మికుంటల మార్నింగ్ షో.
టికెట్లు ఓదెలే తెచ్చిండు, ఆరు.
మా ఇద్దరికి, నా టీం పిల్లలు నలుగురికి.
మిగిలిన ముగ్గురు పత్తి ఏరవోయిన్రు,
కిలోకు పదిహేను, మేడం,
సినిమా ఎటు పోతది అనుకుంట.

తీసింది మా గ్రౌండ్లనే.
పోయిన చలికాలం పదకొండు రోజులు.
మార్కెట్ యార్డు గోడకు నీలిరంగు ఏసిన్రు,
మా మట్టి ఎర్రగ లేదని
లారీతోటి మట్టి పోయించిన్రు.
నా పిల్లలకు రోజుకు అయిదు వందలు, పొద్దుగాల ఇడ్లీ.
పనేందంటే గ్యాలరీల కూసొని చప్పట్లు.
జిల్లాకు ఆడిన రవళి
కోడిపిల్లను గూడ పట్టరాని హీరోకు
పదకొండు రోజులు చప్పట్లు కొట్టింది.

సరే, మంచిని మంచి అనాలె.
ఆ డైరెక్టరు చెవి ఉన్నోడు.
మొదటి కూతకు పాట లేదు, డప్పు లేదు,
ఊపిరి మీద ఊపిరి
కబడ్డీ కబడ్డీ కబడ్డీ
గొంతుల ఆఖరి తడి ఆరేదాక.
పక్క సీట్ల ముబీనా దమ్ము బిగవట్టింది.
నేను గూడ.
ఇరవై రెండేండ్ల కింద నర్సంపేటల బిగవట్టిన దమ్ము
మల్ల దొరికింది,
ఫ్యాన్లు తిరగని టాకీసుల.

తల్లి సీను గూడ బాగుంది.
కొడుకు మోకాలికి పసుపు పట్టేస్తది, ఏడ్వది.
"రేపు పోతవా?" అంటది, అంతే.
ఆ మాట రాసినోనికి దండం.
ఆ చెయ్యే తర్వాత
చిప్ప జరిగిన మోకాలును
ఒక్క పాటల, మంచు కొండల నడుమ, నయం జేసింది.
వాన వచ్చే ముందు రోజు
నా మోకాలు ఇప్పటికీ నాకు కబురు చెప్తది.
దానికెవడు పాట రాయలే.

ఇగ ప్రేమ.
పిల్ల వరంగల్ల డాక్టర్ చదువుతది,
దెబ్బ తగిలితే మాత్రం చున్నీ చింపి కడ్తది.
(మట్టి పట్టిన చున్నీ. డాక్టర్ పిల్ల.)
వాడు గెలిస్తే నవ్వుతది, ఓడితే రైలెక్కుతది.
రెండున్నర గంటల్ల ఆమెకు ఇంకో పని ఇయ్యలే.
నా పిల్లల చప్పట్లకు
ఆమె చప్పట్లకు ఫరకేంది?
ఆమెకు పువ్వు దొరికింది.

ఓదెలు నాకు ఎన్నడు పువ్వియ్యలే.
స్కోరు రాసేటోడు.
ఔటైనోళ్ళ పేరు మీద అడ్డగీత కొట్టేటోడు,
నా పేరు కాడ మాత్రం చిన్న చుక్క.
పెండ్లయిన నాలుగేండ్లకు నోటుబుక్కు దొరికి అడిగిన.
"నువ్వు మల్ల లేస్తవు గద" అన్నడు,
బియ్యంల రాళ్ళేరుకుంట.
ఇసొంటిది సినిమాల వెట్టరు.
పెట్టినా ఎనుక వరుసకు కనవడది.

ఆఖరి కూత.
ముప్పై సెకండ్లు, ఏడు నిమిషాలు సాగింది.
అవతల ముగ్గురే మిగిలిన్రు.
హీరో కాలు సాపి బోనస్ గీత దాటిండు,
తెర మీద ఊరంత లేచింది,
టాకీసుల కాయితం ముక్కలు ఎగిరినయ్.
ఓదెలు చీకట్ల నాలుక చప్పరిచ్చి
మెల్లగ అన్నడు:
"ఆరుగురు లేంది బోనస్ ఏడిదే?"
నా నలుగురు పిల్లలు ఒక్కపారే పక్కున నవ్విన్రు.
ముందట పోరడొకడు
కండ్లు తుడుసుకుంట మర్రి సూసిండు.
వాని కన్నీళ్ళు నిజమే. తప్పు వానిది గాదు.

అప్పుడే ఆ చెయ్యి వచ్చింది.
హీరో చీలమండను ఎనుక నుంచి పట్టిన చెయ్యి,
తెర నిండ, మూడు సెకండ్లు.
వంకర తిరిగిన చిటికెన వేలు చూసి
రవళి నన్ను గిల్లింది.
ఆ విలన్ పిలగానికి పట్టు రాలే, ఎంత నేర్పినా.
నా గాజులు తీపిచ్చి
మగ జెర్సీ తొడిగి
నా చేతికే బురద పూసిన్రు.
సినిమా మొత్తంల సక్కటి షాటు గదే,
నా ముచ్చటని అంటలేను, ఓదెలు గూడ అన్నడు.
హీరో గుంజుకొని నడిగీత తాకిండు, గెలిచిండు.

పదమూడుసార్లు తీసిన్రు దాన్ని.
"ఇడ్సిపెట్టుండ్రి మేడం, జర ఇడ్సిపెట్టుండ్రి."
పన్నెండుసార్లు ఇడవలే.