పైకి పో

షార్జా, సజ్జా క్యాంపు, పదకొండో నంబరు రూము.
మూడంతస్తుల మంచంలో నడిమిది నాది.
స్క్రాపులో కొన్న లాప్‌టాప్
ఒళ్ళో కూర్చుని తొడకి వాత పెడుతోంది.

ఆపరేటింగ్ సిస్టమ్‌ని సోర్సు నుంచి కట్టబోతే
నలభై నిమిషాలు నడిచి చతికిలబడింది.
రెండు వందల పదమూడు తప్పులట.
చిట్టచివరిదాన్ని పట్టుకుని
మూడు రాత్రులు కొట్లాడాను.

పైమంచం లింబాద్రి తల కిందికి వేలాడేసి చూశాడు.
ఏసీ మెకానిక్కు. కీబోర్డు ముట్టినోడు కాదు.
"నీళ్ళు హాల్ల కారుతయి,
పైపు ఇంకెక్కడ్నో పలిగుంటది.
పైకి పో."

పోయాను.
తెర మీద ఎర్ర అక్షరాలు వెనక్కి, ఇంకా వెనక్కి,
వేలు నొప్పి పుట్టేదాకా.
మొట్టమొదటి తప్పు:
ఒక హెడర్ ఫైలు లేదు.
మిగతా రెండు వందల పన్నెండూ
అది లేదన్న ఏడుపే.

తెచ్చిపెట్టి మళ్ళీ నడిపాను.
నాలుగున్నరకి బస్సు హారను.
హెల్మెట్ వెతుక్కుంటూ ఓ కన్నేశాను.
ఆగిపోయింది.
కానీ ఇది నిన్నటిది కాదు,
ఇంకా లోతున ఎక్కడో.

"దొరికిందా?" బూటు లేసు బిగిస్తూ లింబాద్రి.
"ఇప్పుడు వేరే చోట కారుతోంది."
"గట్లయితే మొదటిది అతికినట్టే," అన్నాడు,
నా టిఫిన్ డబ్బా కూడా
తనే పట్టుకుని.